మూల తెగిన కవరు

కడలి దాటి వచ్చి కబురందగా జేసి
తల్లి శంక దీర్చి తరలినట్టి
వాయుపుత్ర! మాదు వాక్కున నిలువుము
కల్ల సోకనీక కరుణతోడ.

సముద్రానికి ఆవలి నుండి వచ్చిన వార్తను నమ్మడం ఎంత కష్టమో ఆ జానకీమాతకు తెలుసు. నమ్మించడం ఎంత కష్టమో ఆంజనేయస్వామికి తెలుసు. ఆ ఇద్దరికీ నమస్కరించి ఈ కథను మొదలుపెడుతున్నాను.

జయనగరంలో ఒక మూడవ అంతస్తు ఇంట్లో ఉండే పద్మనాభం గారు చిరకాలం సంస్కృతం బోధించి విశ్రాంతి పొందినవారు. సంధ్యావందనం తరువాత ఆయనకు అంతటి శ్రద్ధ గల పని మరొక్కటే ఉన్నది. పరదేశాలలో యుద్ధానికి పోయిన మన సైనికులు ఇళ్ళకు వ్రాసుకున్న ఉత్తరాలను, అందులోనూ సెన్సారు ముద్ర పడినవాటిని, ఆయన సేకరిస్తారు. ఆ కాలంలో సిపాయి వ్రాసిన ప్రతి ఉత్తరాన్నీ ఒక అధికారి విప్పి చదివేవాడు. తామున్న చోటు పేరు కనబడితే నల్లసిరా పులిమేవాడు, లేదా కత్తెరతో కోసివేసేవాడు. పిమ్మట కవరును కాగితపు పట్టీతో అతికించి, అంకె గల ముద్ర వేసి, పక్కన తన పొడి అక్షరాలు గిలికేవాడు.

అనుమానంతో పుట్టిన వస్తువులను కూడబెట్టేవానికి అనుమానమే అలవాటు కావడంలో వింత లేదు. మామూలు కవరుకు దొంగముద్ర వేసి, తేనీటిలో ముంచి, పాతకాలపు రంగు తెప్పించి అమ్మేవారు ఈ విద్యలో చాలామంది. పద్మనాభం గారు ఏ కవరునైనా ముందు వాసన చూస్తారు, తరువాత భూతద్దం తీస్తారు, చిట్టచివరనే పేరు చదువుతారు.

ఆయన సేకరణ అంతా లోపలి గదిలో ఉండేది, ఒక్క కవరు తప్ప. అది దొడ్డబళ్ళాపురంలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్న ఒక కట్టలో వచ్చింది. సెన్సారు పట్టీ ఇంకా తెగనేలేదు. అంటే ఇల్లు చేరిన తరువాత దాన్ని ఎవరూ విప్పలేదు. కాని దాని కింది మూల తెగి ఉన్నది. మన పల్లెల్లో చావు కబురు తెచ్చే ఉత్తరానికి ఒక మూల చింపి పంపేవారు. అక్షరం రానివారు సైతం చూడగానే గ్రహించి, దానిని గడప దాటనిచ్చేవారు కాదు, విప్పకుండానే బయటి చూరులో దోపేవారు. పద్మనాభం గారు దానిపై 'మరణవార్త' అని చీటీ పెట్టి, విలాసమైనా చదవకుండా, ఒక రేకు డబ్బాలో వేసి, వాకిట చెప్పుల గూటి మీద ఉంచారు. పట్టీ తెగని కవరు అరుదైనది గనుక పారవేయడానికి మనసొప్పలేదు. మూల తెగినది గనుక లోపలికి తేవడానికి ఆచారం ఒప్పలేదు.

నగరంలో జరగబోయే తపాలా ప్రదర్శనకు వచ్చే సైనిక లేఖలు అసలైనవో కావో తేల్చే బాధ్యతను ఆ సంవత్సరం నిర్వాహకులు ఆయనకు అప్పగించారు. అది తెలిసి ఒక ఉదయం బొమ్మనహళ్ళి నుండి పిల్లమ్మ అనే వృద్ధురాలు మనవరాలు చైత్రను వెంటబెట్టుకొని వచ్చింది. ఎనభై దాటిన మనిషి అయినా మెట్లెక్కి వచ్చిన ఆయాసం మాటలో కనబడనివ్వలేదు.

"మా నాయన సొన్నప్ప రాసిన కాగిదం సామీ ఇది. దీన్ని మీ ప్రదర్శనలో పెట్టాల. మాయమ్మ పేరు రాసి పెట్టాల" అంటూ ఒక ఇత్తడి భరిణె నుండి కవరు తీసి ముందుంచింది.

పద్మనాభం గారు వాసన చూశారు. భూతద్దం తీశారు. కవరు నాలుగు మూలలా పచ్చని మరకలున్నాయి. కింది మూలలో ఏదో అచ్చు ఉండగా దానిపై నల్లసిరా పులిమి ఉన్నది. తపాలా ముద్రలో తేదీ పంతొమ్మిది వందల నలభై మూడు, మార్చి నెల.

"మీ నాన్నగారు ఎప్పుడు పోయారమ్మా?"

చైత్ర తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. "మా ఊరి పొలంలో రాయి ఉంది సార్. మా అవ్వ పెదనాయన వెంకటరాయప్ప వేయించింది. డిసెంబరు నలభై రెండు అని చెక్కించినారు."

పద్మనాభం గారి కనుబొమలు ముడిపడ్డాయి. డిసెంబరులో పోయినవాడు మరుసటి మార్చిలో వ్రాశాడా? కవరులోని కాగితం విప్పి చదివారు. 'బదులు రాలేదు గనుక నీకే వ్రాస్తున్నాను, పాపను జాగ్రత్తగా చూసుకో' అని నాలుగు మాటలు. సొన్నప్ప పేరు ఎక్కడా లేదు. అడుగున సంతకం మాత్రం 'శామ్యూల్' అని ఉన్నది.

"నీవేం పని చేస్తావమ్మాయీ?" అని ఆయన చైత్రను అడిగారు.

"జిగణిలో సార్. లేబుల్స్ ప్రింటింగ్ యూనిట్‌లో."

"ముద్రలు కూడా చేస్తారా అక్కడ?"

చైత్రకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "నకిలీ చేసేదైతే సార్, చివర మా ముత్తాత పేరే వేసుండే వాళ్ళం కదా! శామ్యూల్ అని వేసేంత వెర్రోళ్ళమా మేము?"

ఆ మాటలో న్యాయం ఉన్నది. అయినా అనుమానం కదలలేదు. "కోపం వద్దు. అడగవలసినది అడుగుతాను. మీ నాన్నగారు పోయిన తరువాత ఈ ఉత్తరం ఎవరు వ్రాశారు పిల్లమ్మా? ఈ శామ్యూల్ ఎవరు?"

పిల్లమ్మ భరిణె మూత వేసి ఆయన వైపు తిరిగింది.

"మా పెదనాయన గుడక ఇదే మాట అడిగినాడంట సామీ. అచ్చం ఇట్లే. చావు కబురు వచ్చె, గాజులు పగలగొట్టిరి, కర్మ చేసిరి. ఆరు నెలలు తిరక్కుండా మాయమ్మ పేరుకు ఈ కాగిదం వచ్చె. సచ్చినోడు రాస్తాడా, ఈ శామ్యూల్ ఎవుడే, అని బిడ్డతో సహా బయటికి తోసినారు. మాయమ్మ మునెమ్మ ఈ బొమ్మనహళ్ళికి వచ్చి, రాళ్ళు మోసి నన్ను సాకింది. మా నాయన మళ్ళా రానేలేదు, ఏమైనాడో ఎవురికీ తెలీదు. 'మీ నాయనే రాయించినాడు పిల్లా' అని ఆయమ్మ సచ్చేదాకా చెప్పె. ఆ మాట నిజమని ఒక్కరన్నా, నాలుగురి ముందర, చెప్పాల. నేనుండంగానే చెప్పాల." ఆమె లేచింది. "కాగిదం నీ కాడనే పెట్టుకోప్పా. కల్ల అని తేలితే నువ్వే చించెయ్యి. మళ్ళా నా చేతికి ఇయ్యొద్దు."

వారు వెళ్ళిన తరువాత పద్మనాభం గారి భార్య బాలాత్రిపురసుందరి కాఫీ తెచ్చి, బల్లమీది కవరును వంగి చూశారు.

"తేనీటిలో ముంచారని నా సందేహం" అన్నారాయన.

"తేనీరా! ఏమండీ, శాస్త్రాలన్నీ చదివారు, పసుపు తెలియదా మీకు? నాలుగు మూలలా వేలితో అద్దిన గుర్తు ఉంది చూడండి. శుభలేఖ అనుకుని పూజలో పెట్టుకుంది ఆ తల్లి. గాజులు తీసేసిన మనిషి పసుపు ముట్టిందంటే, మొగుడు ఉన్నాడని ఎంత నమ్మకమో!"

"నమ్మకం సాక్ష్యం కాదు."

"అనుమానం మాత్రం సాక్ష్యమా? మీరు చదవకుండానే చావు చీటీ తగిలించి, చెప్పుల మీద కూర్చోబెట్టారే ఒకదాన్ని, దానికేం సాక్ష్యం ఉంది?"

ఆమె ఎగతాళికే అన్నారు. కాని ఆయన చేతిలోని కాఫీ లోటా ఆగిపోయింది. నల్లసిరా పులిమిన ఈ కింది మూలను, ఆ డబ్బాలోని కవరుకు తెగిపోయిన మూలను ఆయన మనసు పక్కపక్కన నిలిపింది. లేచి వాకిటికి వెళ్ళి డబ్బా తెరిచారు. కవర్లు ఒకే రకం. ఎక్కడో సైనికుల అంగట్లో అమ్మినవి. కింది మూలలో ఆ అంగడి ఉన్న ఊరి పేరు అచ్చువేసి ఉండాలి. ఒక అధికారి సిరా పులిమాడు. మరొకడు కత్తెర పట్టాడు. తెగినచోట అంచు తిన్నగా ఉన్నది. అంచుకు ఆనుకొని అధికారి పొడి అక్షరాలున్నాయి. ఇంట్లో చేతితో చింపిన మూల ఇలా ఉండదు. ముద్రలోని అంకె, అంటే దళం గుర్తు, రెంటిమీదా ఒక్కటే. డబ్బాలోని దాని తేదీ నలభై రెండు, అక్టోబరు. అప్పుడు మొదటిసారిగా ఆయన విలాసం చదివారు. 'వెంకటరాయప్పకు' అని ఉన్నది. వ్రాత కూడా అదే చేతిది.

ఎన్నో ఏళ్ళుగా వేలాది ముద్రలను శంకించిన ఆయన, ఆ ఒక్క మూలను మాత్రం శంకించలేదు. నిరక్షరులైన పల్లెవారు పడిన పొరపాటులోనే తానూ పడి, దానికి చీటీ కూడా తగిలించారు.

అయినా మరొక భయం మిగిలింది. లోపల నిజంగానే చావు కబురు ఉంటే? పట్టీ మీద ఆయన వేలు ఆగింది. తెంచితే అంతటి అరుదైన వస్తువు మామూలు కాగితమైపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనే సిగ్గుపడి, కవరును అలాగే తీసుకొని, భార్యతో కలిసి బొమ్మనహళ్ళికి బయలుదేరారు.

పిల్లమ్మ ఇల్లు దుస్తుల కర్మాగారం వెనుక సందులో ఉన్నది. ఆమె ఎదురు వచ్చి, ఆయన చేతిలో తెగిన మూలను చూసి, గడప మీదనే చేతులు అడ్డం పెట్టింది.

"అది యాడిది? మా ఇంటికి ఎందుకు తెచ్చినారు? దాన్ని లోపలికి రానీను!"

"రానివ్వవద్దు తల్లీ. ఇక్కడే, బయటే చూద్దాం. ఇది మీ పెదనాన్నగారికి వచ్చినది. చావు కబురని మీవాళ్ళు తలచినది ఇదే అనుకుంటాను. ఇంతవరకు దీన్ని ఎవరూ విప్పలేదు. విప్పే హక్కు నాది కాదు, నీది."

"లోపల చావే ఉంటే?"

"ఉండవచ్చు" అన్నారు పద్మనాభం గారు. అబద్ధమాడడం ఆయనకు చేతకాలేదు.

పిల్లమ్మ వాకిట జగిలి అరుగు మీద కూర్చుంది. చైత్ర పక్కన చేరి భుజం పట్టుకుంది. ఆ ముసలి గోరు పట్టీ కింద దూరడానికి కొంత తడుములాడింది. పట్టీ తెగింది. కాగితాన్ని ఆమె విప్పకుండానే ఆయనకు అందించింది. ఆయన చదివారు.

"అన్న వెంకటరాయప్పకు తమ్ముడు సొన్నప్ప దండాలు పెట్టి వ్రాయించునది. దేవుని దయవల్ల నేను బాగున్నాను. ఇక్కడ అంతా ఇసుక." తరువాతి పంక్తి నల్లసిరా. "నాకు అక్షరం రాదని నీకు తెలుసును. ఇది వ్రాసేది నా తోటి సిపాయి శామ్యూల్. మంచివాడు. ఇకమీదట ఏ కాగితమైనా ఇతనిచేతనే వ్రాయిస్తాను. అడుగున ఇతని పేరు ఉంటే భయపడవద్దు. పాపకు పండ్లు వచ్చినవా? మునెమ్మను ఒంటరిగా దూరపు బావికి పంపవద్దు. బదులు వ్రాయించు."

సందులో ఎవరో బండి ఆపి హారను కొట్టారు. పిల్లమ్మ ఆ చప్పుడు ఆగనిచ్చింది.

"ఇంగొక తూరి చదువు సామీ. శామ్యూల్ అన్న కాడ."

ఆయన మళ్ళీ చదివారు. పిల్లమ్మ ఏడవలేదు. లోపలికి పోయి పసుపు గిన్నెతో తిరిగి వచ్చింది. కవరును ఒళ్ళో పెట్టుకొని, ఉన్న మూడు మూలలకూ పసుపు అద్దింది. నాలుగవ మూల దగ్గర వేలు ఆగి, తెగిన అంచు మీదుగా మెల్లగా జరిగింది. తరువాత కవరును తానే చేతబట్టుకొని గడప దాటించింది.

ప్రదర్శనలో రెండు కవర్లూ ఒకే అద్దం కింద నిలిచాయి. పక్కన పద్మనాభం గారు స్వహస్తంతో వ్రాసిన పలక ఉన్నది. రెండూ ఒకే చేతివ్రాత అనీ, రెండూ సొన్నప్ప వ్రాయించినవే అనీ, సెన్సారు కత్తిరింపును చావు కబురని పొరబడడం వల్ల ఆయన భార్య మునెమ్మ నిందపడిందనీ, ఆమె చెప్పిన ప్రతి మాటా సత్యమనీ అందులో ఉన్నది. కింద ఆయన సంతకం.

చైత్ర పిలవగా వెంకటరాయప్ప మనవడు మునినారాయణప్ప వచ్చాడు. పలకను, కవర్లను మార్చి మార్చి చూసి, పద్మనాభం గారిని పక్కకు పిలిచాడు.

"సామీ, ఇవన్నీ ఈ కాలంలో ఎవురైనా చేయించుకోవచ్చు గదా? ఈ పిల్ల ప్రింటింగ్‌లో ఉండాది."

ఆ మాట తన నోటిదే అన్నట్లు పద్మనాభం గారికి వినిపించింది. "మీ పాత ఇల్లు పడగొట్టారని చైత్ర చెప్పింది. అప్పటి పాత సామాన్లు ఏంచేశారు నాయనా?"

"దొడ్డబళ్ళాపురంలో గుజరీ వానికి తూకానికి వేసినాము."

"ఈ మూల తెగినది అందులో వచ్చింది, నేను అక్కడే కొన్నాను. పట్టీ తెగని కవరు. నా కళ్ళ ముందర తెంచారు. అబద్ధమైతే నా సంతకం అబద్ధం."

మునినారాయణప్ప తిరిగి అద్దం దగ్గరికి పోయి, ఈసారి వంగి, పెదవులు కదుపుతూ ఉత్తరం చదివాడు. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. నమ్మాడో లేదో ముఖం చెప్పలేదు. వెళ్ళేముందు పిల్లమ్మ ఎదుట ఒక్క క్షణం నిలిచి, తల వంచి సాగిపోయాడు.

"నమ్మలేదేమో అవ్వా" అన్నది చైత్ర.

"పోనీలే. మా పెదనాయన విప్పి చూడనిది ఆయన మనవడు నిలబడి చదివినాడు. సాలు."

ఆ సాయంత్రం పద్మనాభం గారు ఖాళీ రేకు డబ్బాను చెప్పుల గూటి మీదినుండి దించి, అందులోని చీటీని చించివేశారు. పిమ్మట లోపలి గదిలో దీపం పెట్టి, తన సేకరణలో మొదటి కవరు నుండి, ఈసారి ముందుగా పేరు చదవడం మొదలుపెట్టారు.

ఈ కథను విన్నవారికి, వినిపించినవారికి దూరదేశాల నుండి క్షేమవార్తలే అందుగాక. నిరపరాధుల మీద పడిన మాట వారు జీవించి ఉండగానే తొలగుగాక. విప్పి చూడకముందే తీర్పు చెప్పే దోషం మన ఇళ్ళ గడప తొక్కకుండు గాక. ఆంజనేయస్వామి అందరినీ కాచుగాక.