పేజీలో ఖాళీ

ప్రెస్సులో అందరూ ఆమెను ఖాళీ మేడమ్ అనేవారు. మాసపత్రికకు పేజీలు తీర్చిదిద్దడం ఆమె పని. చేరిన కొత్తలో పూల బోర్డర్లు, మూలల్లో నెమళ్లు, శీర్షికల కింద తీగలు అన్నీ తీయించేసింది. బొద్దుగా ఒక శీర్షిక, దాని చుట్టూ బోలెడంత తెల్ల కాగితం, ఓ పక్కగా సన్నటి అక్షరాలు. అంతే. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మొహం చిట్లించారు. యజమాని మాత్రం ప్రతి నెలా అచ్చుకు ముందు ప్రూఫులు చూసి ఒకటే అడిగేవాడు.

"ఖాళీ కాగితం అమ్ముకుంటున్నామా అమ్మా మనం?"

చదివేవాళ్ల చూపు కాసేపు ఆగడానికి చోటుండాలని ఏళ్ల తరబడి చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చింది. ఈమధ్య ఆయన అడగడం పూర్తయ్యేలోపే ప్రూఫులు తీసుకుని వచ్చేస్తోంది. ఆయన కూడా అలవాటు కొద్దీ అడుగుతున్నాడంతే.

ఓ సెలవు రోజున అక్కను చూడబోయింది. కుట్టుపని చేసి తనను బొమ్మలు గీయడం నేర్పే బడిలో చదివించిన అక్క. మంచం పక్కన పత్రికలు దొంతరగా ఉన్నాయి. పోస్టులో వచ్చినవి వచ్చినట్టే, పైన చుట్టిన కాగితం కూడా చింపలేదు.

"ఇవేంటక్కా, విప్పనే లేదు?"

"విప్పి ఏం చేయను? నీ అక్షరాలు నా కంటికి ఆనవు."

"నాకు చెప్పొచ్చుగా."

"అందరూ బాగుందంటుంటే నేనెందుకు అడ్డుపుల్ల వేయడం? చూడ్డానికి బానే ఉంటుందిలే. గోడకి తగిలించుకోవచ్చు."

అక్క దెప్పిపొడవలేదు, మామూలుగానే అంది. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

మర్నాడు అక్షరాలు కూర్చే కంపోజిటర్ దగ్గరికెళ్లి, పత్రికలో వచ్చే సీరియల్‌కి పెద్ద టైపు వేయమంది.

"మరి పక్కన ఖాళీ పోతుంది కదా?"

"పోనీ."

"ఒంట్లో బాగానే ఉందా మేడమ్?"

ఆమె నవ్వలేక నవ్వింది. ప్రూఫు వచ్చాక చూస్తే పేజీ కిక్కిరిసిపోయింది. ఇన్నేళ్లు పట్టుబట్టి కాపాడుకున్నదంతా ఒక్క పూటలో కరిగిపోయినట్టు అనిపించింది. ఐనా మార్చలేదు.

యజమాని మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి దారికొచ్చావమ్మా. ఇక చుట్టూ ఆ పూల బోర్డరు కూడా పెట్టించేయ్."

మీ కోసం కాదండీ అని చెప్పే ఓపిక లేకపోయింది.

"బోర్డరు మాత్రం కుదరదండి," అంది.

ఆయన కాసేపు గొణిగి వదిలేశాడు.

పత్రిక అచ్చయ్యాక తనే పట్టుకెళ్లింది. అక్క కిటికీ దగ్గర కూర్చుని సీరియల్ మొత్తం చదివింది.

"అక్షరాలు బావున్నాయే. కథే ఏం బాలేదు. నేనిన్ని నెలలు చదవకపోయినా ఆ పిల్ల ఇంకా అదే మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది."

"రాసేది నేను కాదుగా."

"రాసేవాడికి చెప్పు, దాన్ని లేపమని."

సరేనంటూ ఆమె, అక్క మంచం మీదే వాలింది. చెప్పులు విడవకుండానే నిద్రపట్టేసింది.