దుప్పట్లు బాగా వచ్చిన ఫోటో

తెల్లటి దుప్పట్లు.

తడి దుప్పట్లు. ఎండలో, గాలికి ఉబ్బి, కళ్ళు బైర్లు కమ్మేంత తెల్లగా...

ఆ తెలుపునే కాపాడమన్నాడు యజమాని. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అతనిది. ఆఫీసులో గోడంత ఫోటో పెట్టుకోవాలట.

"తెలుపు కొట్టుకుపోకూడదమ్మా. నేత కనబడాలి. పోగు పోగూ కనబడాలి."

కనబడాలి. సరే.

ఆమె కెమెరా కంటికి ఆనించింది.

షెడ్డు బయట ఎండ. ఎండలో దుప్పట్లు. గుమ్మం లోపల నీడ. నీడలో ఇస్త్రీ పని ఆడవాళ్ళు ఏడుగురు, మడత దుప్పట్లు చేతుల మీద పెట్టుకుని వరసగా నిలబడ్డారు.

వాళ్ళలో మూడో మనిషి ఆమె సొంత అక్క.

మొదటి ఫోటో తీసింది. కెమెరా వెనక తెర మీద దుప్పట్లు మిణుకు మిణుకుమన్నాయి. వెలుగు ఎక్కువైంది, ఇక్కడ ఏమీ మిగల్లేదని కెమెరా చేసే హెచ్చరిక అది. వెలుగు ఒక స్టాప్, అంటే ఒక మెట్టు, తగ్గించింది. ఇంకా మిణుకుతూనే ఉంది. ఇంకో స్టాప్ తగ్గించింది. ఒక మూల మాత్రం మిణుకుతోంది. ఇంకొకటి.

మిణుకు ఆగింది.

హమ్మయ్య అనుకుంది.

హమ్మయ్యట! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మిణుకుమన్న ఫోటోలన్నీ అక్కడికక్కడే చెరిపేసింది. అది ఆమె అలవాటు. పనికిరాని సరుకు ఇంటిదాకా మోసుకెళ్ళడమెందుకని. ఆ పనికిరాని సరుకులోనే నీడ తేటగా ఉంది. ఏడుగురి మొహాలూ ఉన్నాయి. అక్క చేయి ఉంది.

ఇంటికెళ్ళి కంప్యూటర్లో నీడను పైకి లేపింది. చీకట్లో దాచిన దాన్ని బలవంతంగా లేపితే ఊరుకుంటుందా... నాయిస్ లేచింది. ఎర్రవి, పచ్చవి, నీలివి, మొహాల నిండా నలుసులు.

యజమాని చూసి మొహం చిట్లించాడు. "దుప్పట్లు అద్భుతం. వెనకాల ఈ ఇసకేంటి? తుడిచెయ్యి."

తుడిచింది. మౌస్‌తో ఒక గీతను కుడివైపుకి జరిపితే చాలు. ఇసక పోయింది. ఇసకతో పాటు ముడతలు పోయాయి, చెమట పోయింది. ఏడుగురూ మైనం బొమ్మలయ్యారు.

అక్క ముంజేయి నున్నగా... అరటిదవ్వలా.

దుప్పట్లలో మాత్రం పోగు పోగూ ఉంది.

మూడు నెలలు గడిచాయి. అక్క వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. వేళ్ళు ముడవని మనిషి ఇస్త్రీకి ఎందుకని యజమాని పనిలోంచి తీసేశాడు. అక్క కార్మికుల ఆఫీసులో ఫిర్యాదు చేసింది. ఇస్త్రీ మిషను అంచు రేకు ఊడిపోయిందని, ఎన్నిసార్లు చెప్పినా బిగించలేదని, దాని మీద చేయి పడి కాలిందని. ఫలానా రోజు, ఫోటో తీయడానికి ముందు రోజే.

యజమాని ఆ ఫోటోనే అధికారి ముందు పెట్టాడు.

"చూడండి. కాలిన మర్నాడట ఇది! మచ్చ ఎక్కడుంది? తర్వాత ఇంట్లో కాల్చుకుని నా నెత్తిన రుద్దుతోంది. ఫోటో తీసింది బయటివాళ్ళు కూడా కాదు, ఆవిడ చెల్లెలే."

అలా వాడుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ రోజు పొద్దున్నే చేతి కట్టు విప్పమన్నాడే. ఫోటోలో కట్టు బాగోదన్నాడు. విప్పాను."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పేదేముంది? గంటసేపు నా వైపే గురిపెట్టి నిలబడ్డావుగా. చూశావనుకున్నాను."

చూశావనుకున్నాను.

చూడలేదు. మూడో మనిషిని చూడలేదు. మిణుకును చూసింది. ఎండలో తెల్లగా వెలిగే గుడ్డను కాపాడడానికి తోడబుట్టినదాన్ని మూడు మెట్లు చీకట్లోకి తోసింది. ఆ యజమాని మీద కోపం. ఆ కెమెరా మీద కోపం. అన్నిటికంటే... ఆ హమ్మయ్య మీద.

తుడవకముందటి ఫైలు మిగిలే ఉంది. తెరిచింది. నీడను లేపింది. ఇసక. ఇంకా లేపింది. ఇసక తుఫాను. దాని మధ్యలో, మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక ముదురు పట్టీ.

మచ్చేనా? నలుసులేనా?

మచ్చే. ఆమెకు తెలుసు. తెలిస్తే ఎవడిక్కావాలి!

విచారణ రోజు ఆ ఇసక ఫోటోనే పెద్దదిగా అచ్చు వేయించి అధికారి బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు.

"ఏమీ తెలియట్లేదమ్మా. పోనీ, మీరు ఫోటో తీస్తున్నప్పుడు ఈ కాలిన చేయి మీ కళ్ళతో చూశారా?"

చూశాను అంటే చాలు. ఒక్క మాట. ఆయన పెన్ను కాగితం మీద ఆగి ఉంది. పక్కనే అక్క ఊపిరి వినబడుతోంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది — యజమాని చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది.

"చూడలేదండీ. ఈయన దుప్పట్లు చూడమన్నాడు, దుప్పట్లే చూశాను. ఇసక తుడవమన్నాడు, మా అక్క చేయి తుడిచేశాను. తుడిచింది నేను! అది రాసుకోండి. నా పేరుతో రాసుకోండి. నేను చూడకపోతే మచ్చ లేకుండా పోతుందా? ఇన్నిసార్లు ఇదే బల్ల ముందు నిలబడిందే... ఆ చేయి మీరెప్పుడైనా చూశారా?"



 అధికారి లేచి కిటికీ తెర పక్కకు లాగాడు. ఎండ ఒక్కసారిగా బల్ల మీద పడింది. కాగితాలు, ఫైళ్ళు, యజమాని చొక్కా — అన్నీ కళ్ళు బైర్లు కమ్మేంత తెల్లగా...

అక్క చేతి మీద కప్పుకున్న కొంగు తీసింది. ముంజేతిని తీసుకొచ్చి ఆ ఇసక ఫోటో పక్కన పెట్టింది.

ఆయన వంగాడు. చేయి వైపు ఒకసారి, ఫోటో వైపు ఒకసారి.

ఇంకా చూస్తూనే ఉన్నాడు.