మార్చి నెల ఫోటో

చంద్రుడి మీద మనవాళ్ల ల్యాండర్ దిగిన మర్నాడే భద్రాచలంలో నా పోడు భూమి విచారణ. చర్లలో మొదటి బస్సెక్కాను. బస్సంతా అదే మాట. పక్క సీటాయన ఆ వీడియో నాలుగుసార్లు చూపించాడు. ఐదోసారి నేనే అడిగి చూశాను.

నాకున్నది మూడెకరాలు. అడవి అంచున నేనూ నా భార్య జంపక్కా చేసుకున్న చేను. 2005 డిసెంబరుకు ముందు నుంచే దున్నుతున్నామని రుజువైతే పట్టా ఇస్తారు. లేదంటే అందులో అడవి మొక్కలు నాటుతారు. ఒకసారి కాదన్నారు. ఈసారీ కాదంటే చేను పోయినట్టే.

ఆఫీసరు కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. దాని ముందు శ్యామల కూర్చుంది. పక్క ఊరి పిల్ల. ఆ ఆఫీసులో మ్యాపుల పని ఆమెదే.

“ఇది మన ఉపగ్రహం తీసిన ఫోటో. పచ్చదనం ఉన్నకాడ ఎర్రగ కనబడతది. నీ చేను చూడు, మొత్తం ఎరుపే. అడవి గాక ఏంది?” అన్నాడు ఆఫీసరు.

“గవి ఇప్పచెట్లు సారూ.”

“చెట్లుంటే అడవే కదా పెద్దాయనా. చేన్ల నలభై చెట్లు ఎవడుంచుకుంటడు?”

మేముంచుకుంటాం. పోడు కొట్టినా మా కోయోళ్లు ఇప్పచెట్టు మీద గొడ్డలి పెట్టరు. పెట్టబోయినవాణ్ని నేనే. పత్తి మీద ఆశతో ఒక ఏడు గొడ్డలి నూరాను. జంపక్క అడ్డం నిలబడి, “ముందు నన్ను కొట్టు,” అంది. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నలభై రెండు చెట్లూ మిగిలాయి. ఆమె మిగల్లేదు. జ్వరంతో ఉన్న మనిషిని మంచం మీద మోసుకుంటూ రోడ్డెక్కేసరికే అయిపోయింది. మా ఊరికి రోడ్డు వేయనివాళ్లను నేను క్షమించలేదు. క్షమించను.

ఇప్పుడు ఆమె నిలబెట్టిన చెట్ల వల్లే చేను పోతుందంటున్నాడు ఈయన.

“ఫోటో ఏ నెలది?” అని అడిగాను.

శ్యామల చూసింది. “నవంబరు, తాతా. 2005.”

“నవంబర్ల ఇప్పకు నిండా ఆకుంటది. కింద కంది ఉంటది. ఎర్రగ గాక ఎట్లుంటది? అదే ఏడు మార్చిది తియ్యి బిడ్డా.”

ఆఫీసరు నవ్వాడు. “ఉపగ్రహం నువ్వు చెప్పిన నెలల తిరుగుతదా?”

“అది తిరుగుతనే ఉంటది సార్,” అంది శ్యామల. “పాత ఫోటోలన్నీ దాచి ఉంటయి. అడిగితే ఇస్తరు.”

“మరి నువ్వెందుకు అడగలే?”

“నవంబరుది ఒక్కటి చాలన్నరు సార్. మీరే.”

ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. “తెప్పియ్యి,” అన్నాడు.

ఆ ఫోటో వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా వరండాలో లడ్డూలు పంచారు, చంద్రుడి కోసం. నేనూ తీసుకున్నాను. అది ఆఫీసరు పెట్టింది కాదు, దేశం పెట్టింది.

మార్చికి కంది కోత అయిపోతుంది, ఇప్ప ఆకు రాలుస్తుంది. రాలే పువ్వు ఏరుకోవడానికి ఆడవాళ్లు చెట్ల కింద అద్దంలా ఊడుస్తారు. శ్యామల ఫోటో పెద్దది చేసింది. చుట్టూ అడవి మసకగా ఉంది. మధ్యలో మా చేను తెల్లగా, నాలుగు మూలలతో, సన్నటి గట్లతో.

“అడవికి మూలలుంటయా సారూ?”

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

వందల మైళ్ల ఎత్తు నుంచి జంపక్క ఊడ్చిన నేల కనబడింది. చంద్రుడి దాకా వెళ్లినవాళ్ల కెమెరా అది. అబద్ధం చెప్పలేదు. ఏ నెలలో చూడాలో తెలియనివాడే తప్పు చూశాడు. ఆ తెర ముందు నేను నిటారుగా కూర్చున్నాను. చాలా ఏళ్లయింది అట్లా కూర్చుని.

“సరే, ఒప్పుకుంటున్న,” అని ఆఫీసరు కాగితం తీశాడు. “పేరు, తండ్రి పేరు చెప్పు.”

“సోయం శివయ్య. జంపక్క మొగుడు అని రాయండి.”

“గట్ల రాయరు. తండ్రి పేరు కావాలె.”

“మా నాయన ఆ చేను చూడనే లేదు సారూ.”

“చనిపోయిన మనిషి పేరు ఎందుకయ్యా?”

“ఫోటోల ఉన్నది ఆమె పని. నాది కాదు.”

ఆయన శ్యామల వైపు చూశాడు. ఆమె అప్పటికే టైపు చేస్తోంది.

“అయిపోయింది సార్. తండ్రి పేరు పాత ఫైల్ల ఉంది. రెండూ పెట్టిన. సంతకం చెయ్యండి.”

ఆయన సంతకం చేశాడు. లేచి నాకు చెయ్యి చాపాడు.

నేను కాగితం మాత్రం అందుకున్నాను.