ముందు ఫోటో లేని పిల్ల

మా పెదనాన్నకి ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన ఆటబొమ్మ నేనే చేసిచ్చాను. వెబ్‌సైట్‌లో ఒక ఫోటో, దాని మధ్యలో నిలువుగా ఒక గీత. గీతని ఒక పక్కకి లాగితే పిల్లాడు ఫుట్‌పాత్ మీద మట్టికొట్టుకుపోయి ఉంటాడు. రెండో పక్కకి లాగితే అదే పిల్లాడు నున్నగా తల దువ్వుకుని నవ్వుతుంటాడు. ముందు, తర్వాత. ఒక మధ్యాహ్నం ఏదో పాట వింటూ రాసిపడేసిన కోడ్ అది. ఆయన మాత్రం ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు ట్యాబ్ చేతికిచ్చి "లాగండి, లాగండి" అంటాడు.

ఎక్కడో పరాయి దేశంలో వీధుల్లో బతికే పిల్లల కోసం పెట్టిన సంస్థ ఇది. చైర్మన్ పెదనాన్న, కార్యదర్శి పెద్దమ్మ, కోశాధికారి మావయ్య. నేను రెండు ఉద్యోగాల మధ్య ఉన్నాను కాబట్టి "ఎలాగూ ఖాళీయేగా" అని పెద్దమ్మ నన్ను డిజిటల్ హెడ్‌ని చేసింది. నా కింద ఎవరూ లేరు. పైన అందరూ ఉన్నారు. వాళ్లింటి మేడ మీద గదే ఆఫీసు. ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్ మీద పాత బ్యానర్లు, అల్మారా నిండా వీళ్లకి వీళ్లే ఇచ్చుకున్న మెమెంటోలు.

"మన ఊళ్లో లేరా మావయ్యా వీధిపిల్లలు?" అని ఒకసారి అడిగాను.

"ఇక్కడివాళ్లయితే ఇంటికొచ్చి తలుపు కొడతారే పిచ్చిమొహమా!" అన్నాడు.

ఆ దేశంలో పిల్లలుండే ఇంటిని నడిపేది నర్సమ్మ. అక్కడ ఆస్పత్రిలో పనికని వెళ్లి, చివరికి ఆ పిల్లలకి పెద్దదిక్కయింది. వార్షికోత్సవం దగ్గర పడిందని ఆమెకి వీడియో కాల్ చేశాం. ఫోన్‌ని దేనికో ఆనించి, దుప్పట్లు మడతపెడుతూనే మాట్లాడింది.

"కొత్తగా ఒక పిల్ల వచ్చిందటగా నర్సమ్మా? ముందు ఫోటో పంపలేదేం?" అన్నాడు పెదనాన్న.

"ఫోటో తీసే టైమా అండీ అది? బస్టాండు గోడ పక్కన దొరికింది. ఒళ్లు కాలిపోతోంది. తీసుకొచ్చి ఒళ్లంతా తుడిచి పడుకోబెట్టా."

"తుడిచేశావా?" అన్నాడు పెదనాన్న, సాక్ష్యం మాయం చేసిందన్నట్టు.

పెద్దమ్మ సర్దిచెప్పింది. "పోన్లెండి, ఇప్పుడు తీస్తుంది. పాత బట్టలు పారేయలేదుగా నర్సమ్మా? అవే వేసి, జుట్టు కాస్త రేపి, ఆ గోడ పక్కనే కూర్చోబెట్టు. ఎంతసేపు పని!"

దుప్పటి మడత సగంలో ఆగిపోయింది.

"ఆ పిల్ల బూట్లతోనే పడుకుంటుందమ్మా. ఎప్పుడు పరిగెత్తాల్సొస్తుందోనని. మొన్నీమధ్యే లేసులు వదులు చేసుకుంది. ఇప్పుడు పాత బట్టలేసి బస్టాండుకి తీసుకెళ్తే ఏమనుకుంటుంది? వదిలేయడానికే అనుకుంటుంది. చెయ్యి విడిపించుకుని పారిపోయిందంటే మళ్లీ నాకు దొరకదు."

"బూట్లతో పడుకుంటుందా?" మావయ్య కుర్చీలో ముందుకి వంగాడు. "ఏయ్, ఇది రాసుకోవే. మంచి స్టోరీ."

"చూడు నర్సమ్మా," అన్నాడు పెదనాన్న, మైకు ముందు వాడే గొంతుతో. "సేవ నువ్వు చేస్తున్నావు, కాదనను. సంస్థని నడిపేది మేము. ఫంక్షన్‌లోపు ఫోటో రాకపోతే ఆ ఇంటికి ఇంకో మనిషిని చూసుకుంటాం."

"చూసుకోండి. వచ్చే మనిషికి ముందే చెప్పండి, ఆ పిల్ల కొరుకుతుంది," అని నర్సమ్మ ఫోన్ పెట్టేసింది.

మావయ్య నా వైపు తిరిగాడు. "ఆ ఏఐ ఏదో ఉందిగా నీ దగ్గర. కడిగిన ఫోటోకే మురికి పట్టించెయ్."

"ఛీ ఛీ!" అన్నాడు పెదనాన్న. "జనాన్ని మోసం చేస్తామా బావమరిదీ? మనకి విలువలున్నాయి. పిల్ల నిజం, బస్టాండు నిజం, మురికీ నిజమే అయ్యుండాలి."

పెద్దమ్మని వంటింట్లో పట్టుకున్నాను. "నిజంగా పారిపోతే ఎలా పెద్దమ్మా?"

"ఒక్క ఫోటోకి ఎవరైనా పారిపోతారా? చిన్నప్పుడు స్టూడియోలో నువ్వు ఏడ్చి గోల పెట్టలా? పారిపోయావా?"

ఇక వీళ్లకి మాటలతో కాదనిపించింది. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తీశాను. పెదనాన్న జన్మలో ఒక్కసారే ఆ దేశం వెళ్లొచ్చాడు. పిల్లల మధ్య సూటులో మోకాలి మీద కూర్చున్న ఫోటో ఉంది. ప్యాంటుకి మట్టంటకుండా మోకాలి కింద తెల్లటి చేతిరుమాలు పరుచుకున్నాడు. పిల్లలందర్నీ తీసేసి, ఆయన్ని ఏఐకి అప్పగించాను. సూటు చింపింది, జుట్టు అట్టలు కట్టించింది, బుగ్గలకి మసి పూసింది. రుమాలు జోలికి మాత్రం పోలేదు. అది తెల్లగానే ఉంది. రెండు ఫోటోలూ ఆ గీత లాగే స్లైడర్‌లో పెట్టి, మర్నాడు ఆయన చేతికిచ్చాను. చూసి ఉలిక్కిపడతాడు, కోప్పడతాడు, అప్పుడు ఆ పిల్ల మాట ఎత్తుదామని నా లెక్క.

లాగాడు. మళ్లీ లాగాడు.

"కళ్లల్లో ఆ బాధ చూశావా?" అన్నాడు, తన కళ్లనే చూసుకుంటూ. "ఏమేవ్! ఒకసారి ఇలా రా!"

పెద్దమ్మ వచ్చి చూసి చెంపన చెయ్యి పెట్టుకుంది. "మట్టిలో కూడా ఎంత కళగా ఉన్నారండీ!"

"బావా, ఇంకేం ఆలోచించకు. ఈసారి స్టేజీ మీద ఇదే," అన్నాడు మావయ్య.

"మరి ఇది మోసం కాదా పెదనాన్నా?" అన్నాను చివరికి.

"మోసమేంటమ్మా? నా మొహం, నా ఇష్టం. నన్నెవరైనా బలవంతం చేశారా?"

తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆయనకి తెలియలేదు. వివరించి చెప్తే తెలుస్తుందన్న ఆశ నాకూ పోయింది. సిగ్గుతో కాని పని మురిపెంతో అవుతుంటే నాకేం?

"ఒక స్క్రీన్ మీద ఒక స్లైడరే ఉండాలి పెదనాన్నా. పక్కన పిల్ల ఫోటో కూడా పెట్టామనుకోండి, జనం చూపు మీ మీంచి పోతుంది," అన్నాను, అదేదో సాఫ్ట్‌వేర్ సూత్రమన్నట్టు.

"పోకూడదు," అన్నాడు వెంటనే. "ఆ నర్సమ్మకి ఫోటో వద్దని చెప్పెయ్. ఆవిడనే ఉండమను, కొత్త మనిషిని ఎక్కడ వెతుకుతాం?"

ఆయన మాట పూర్తయ్యేలోపు మెసేజ్ పెట్టేశాను. "సరే" అని ఒక్క ముక్క వచ్చింది.

వార్షికోత్సవంలో తెరంత పెదనాన్న. స్టేజీ మీద నిజం పెదనాన్న నిలబడి వేలితో గీత లాగుతుంటే, తెర మీది పెదనాన్న మట్టిలోంచి సూటులోకి, సూటులోంచి మట్టిలోకి వస్తూ పోతూ ఉన్నాడు. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో ఒకావిడ కళ్లొత్తుకుని పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"ఆయన చిన్నప్పుడు ఇన్ని కష్టాలు పడ్డారని మాకు తెలీదండీ!"

"అవన్నీ ఇప్పుడెందుకు లెండి," అంది పెద్దమ్మ, తల వంచుకుని.

కుర్చీలు సర్దుతుంటే నర్సమ్మ ఫోన్ చేసింది. హాలు బయటికెళ్లి ఎత్తాను.

"బూట్లు విప్పిందమ్మా. తలగడ పక్కనే పెట్టుకుందిలే, కానీ విప్పింది. ఆ గబ్బుకి మిగతా పిల్లలు నన్ను తిడుతున్నారు," అని నవ్వింది.

లోపలికొచ్చేసరికి పెదనాన్న ఒక్కడే తెర ముందు నిలబడి ఉన్నాడు.

"పెదనాన్నా, ఆ పిల్ల బూట్లు విప్పి పడుకుందట!"

"ఏ పిల్లమ్మా?" అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అది సరేగానీ, నా మోకాలి కింద రుమాలు చూడు, తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దానికీ కాస్త మట్టి పట్టించు."