రాని వేసవి

నా భార్య చివరి ప్రయాణాన్ని పాడు చేసింది నా తోడల్లుడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

వాడిది టూర్ల ఆఫీసు. గోడ నిండా మంచుకొండల బొమ్మలు, బల్ల మీద ప్లాస్టిక్ విమానం. నాది లేత్ మెషిన్ పని. లోకంలో ఎక్కడ ఎప్పుడు ఏ కాలమో నాకేం తెలుసు? అందుకే వాణ్ణి అడిగాను.

ఉత్తరాన ఉన్న ఒక చలిదేశంలో వేసవి వస్తే రాత్రి భోజనాల వేళకి కూడా ఎండ కాస్తుందని నా భార్య ఎక్కడో చదివింది. అది చూడాలని ఆమె కోరిక. నగలడగలేదు, ఇల్లడగలేదు. రాత్రిపూట ఎండ అడిగింది. మీలాగే ఆ సూర్యుడికీ ఇంటికెళ్ళే వేళ తెలియదన్నమాట, అని నన్ను దెప్పేది కూడా. అప్పటికే ఆమె ఊపిరితిత్తులు బాగా లేవు. ఈ ఏడు ప్రయాణం చేయవచ్చు, వచ్చే ఏటి సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు.

ఎప్పుడు వెళ్తే మంచిదని తోడల్లుణ్ణి అడిగాను.

"ఎండాకాలంలో అన్నయ్యా. కళ్ళు మూసుకుని వెళ్ళండి," అన్నాడు. టిక్కెట్లు కూడా వాడే తీశాడు.

కళ్ళు మూసుకునే వెళ్ళాం. ఇక్కడ రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్న రోజుల్లో విమానమెక్కాం. ఎండాకాలమంటే మాకు అదే. ఇక్కడ వానలు పడ్డాక గాని అక్కడ ఎండాకాలం రాదని వాడికి తెలుసు. అంతకుముందు వెళ్ళే టూర్లో సీట్లు నిండవనీ తెలుసు. నిండని సీట్లో వదినని కూర్చోబెట్టాడు.

దిగేసరికి వాన, మంచు కలిసి పడుతున్నాయి. చెట్లకి ఆకు లేదు. సరస్సు ఒడ్డున పడవలు బోర్లించి తాళ్ళతో కట్టేశారు. పూలతోట గేటుకి తాళం. హోటల్ యజమానురాలు మమ్మల్ని చూసి ఏదో అంది. అదే టూర్లో మాతో వచ్చిన ఒక టీచరమ్మ దాన్ని మాకు తెలుగులో చెప్పింది.

"ఇప్పుడెందుకొచ్చారని అడుగుతోంది. వేసవి రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుందట."

"మనం వచ్చాం, అది రాలేదు," అని నవ్వింది నా భార్య. నవ్వు వెంటే దగ్గు.

ఆ తర్వాత ఆమె గది దాటలేదు. చలిగాలి తగిలితే ఊపిరాడేది కాదు. తన స్వెట్టరు మీద నా స్వెట్టరు తొడుక్కుని, హీటరు పక్కన కుర్చీలో కూర్చునేది. కిటికీకి ఎదురుగా ఒక గోడ, కార్లు నిలిపే స్థలం. ఆమె చూసిన చలిదేశం అంతే. సూర్యుడు ఒక్క రోజూ మొహం చూపించలేదు.

తిరిగొచ్చాక నా మరదలు ఎదురొచ్చి ఎలా ఉందక్కా అని అడిగింది. పక్కనే దాని మొగుడు. నా భార్య చెల్లెలి మొహం చూసింది. భలే ఉందనీ, రాత్రి అన్నం తింటుంటే కిటికీలోంచి ఎండ పడేదనీ, పూల సంగతి చెప్పనలవి కాదనీ చెప్పింది. నా మరదలు పొంగిపోయింది.

ఇంటికి రాగానే ఎందుకు అబద్ధమాడావని గట్టిగా అడిగాను.

"వాడు చేసిన పనికి అదెందుకు తల దించుకోవాలి?" అంది. "మీరు కూడా అలాగే చెప్పండి."

నేను చెప్పనన్నాను.

ఇక్కడ వానలు పట్టాయి. అక్కడ అసలు వేసవి మొదలై ఉంటుంది. ఆ వానల్లోనే ఆమె పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళ మధ్య నా తోడల్లుడు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. వదిన కోరిక తీరాకే పోయిందనీ, తానే దగ్గరుండి పంపించాననీ చెబుతున్నాడు. గుమ్మంలో నా మరదలు ఏడుస్తూ తలూపుతోంది, అక్కే తనతో అలా చెప్పిందని. ఎవరో నా వైపు తిరిగి, నిజంగా రాత్రిపూట ఎండ కాస్తుందా అని అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. వాడొక్కడు చూడలేదు. నేలకేసి చూస్తున్నాడు.

నిజం చెబితే, పోయిన మనిషి అబద్ధాలకోరు అవుతుంది.

"ఆమె చెప్పిందంటే నిజమే," అన్నాను.

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. నేను క్షమించాననుకున్నాడేమో. క్షమించలేదు. వాడి గడప తొక్కను, వాడింట మంచినీళ్ళు ముట్టను. కారణం అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండొచ్చు. దీని గురించి నేనిక ఎప్పుడూ, ఎవరితోనూ మాట్లాడను.