ఆకుపచ్చ గౌను ఎవరిది?

"ఆ చుక్కలన్నీ ఒక్కసారే వెలిగితే నా బిడ్డ ఏమైపోవాలే?" అన్నాను. అప్పటికి మేమింకా మందుల దుకాణం మెట్లు కూడా ఎక్కలేదు.

"ముందు ఎక్కనీ అమ్మా. ఏమైపోవాలో పైకెళ్లాక చూద్దాం," అంది పెద్దది.

నా పిల్లలు కవలలు. ఒకే అచ్చులో పోసినట్టుంటారు. పెద్దది చిన్నదానికంటే ఒక ఆవులింత ముందు పుట్టింది, అంతే. చిన్నది ఇప్పుడు కడుపుతో ఉంది, మూడో నెల. మొన్న పక్కింటి పాప దాని ఒళ్లో ఆడుకుని వెళ్లింది. తెల్లారేసరికి ఆ పాప ఒంటినిండా ఆటలమ్మ పొక్కులు. కడుపుతో ఉన్నప్పుడు సోకితే లోపలి బిడ్డకు ముప్పు రావచ్చనీ, చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటే భయపడనక్కర్లేదనీ డాక్టరమ్మ చెప్పింది. నా భయమంతా అదే. మా ఇంట్లో ఆటలమ్మ వచ్చింది పెద్దదానికే. మూడేళ్ల పిల్లలప్పుడు ఆకుపచ్చ గౌను పెద్దదానిది, పసుపుపచ్చ చిన్నదానిది. గౌను చూసే పేరు పెట్టి పిలిచేదాన్ని. పొక్కులు లేచిన ఆకుపచ్చ గౌనును మంచమెక్కించి, పసుపుపచ్చ గౌనును మా అక్క ఇంటికి పంపేశాను.

దుకాణం వెనక గదిలో చుక్కలాయన ఉంటాడు. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ఈ రోజుల్లో పిల్లల్ని బడిలో వేయాలన్నా, దూర ప్రయాణం పెట్టుకోవాలన్నా ముందు ఆయన దగ్గరికే. అగ్గిపెట్టెంత గాజుపలక మీద కంటికి ఆనని చుక్కలు వేలకు వేలు. ఒక్కో చుక్కలో ఒక్కో జబ్బు తాలూకు ప్రొటీను. ఆ జబ్బును ఎరిగిన యాంటీబాడీలు రక్తంలో ఉంటే పోయి దానికి అతుక్కుంటాయి, చుక్క వెలుగుతుంది. వెలిగితే జబ్బున్నట్టు కాదట, దానితో ఒంటికి ముఖపరిచయం ఉన్నట్టట.

సూది చూడగానే అడ్డం పడ్డాను. "బాబూ, కడుపుతో ఉన్నదాన్ని పొడవకు. ఇద్దరూ ఒకటే. పెద్దదాని వేలు తీసుకో," అన్నాను.

"ముఖం ఒకటేనమ్మా. ఒంటి చదువు ఎవరిది వాళ్లదే," అన్నాడు చుక్కలాయన. కానీ పెద్దది అప్పటికే వేలు చాపేసింది. ఇక ఇద్దరిదీ తీశాడు.

ముందు పెద్దదాని పలక. తెర మీద చుక్కలు దోసిలితో చల్లినట్టు వెలిగాయి. చుక్కలాయన వేలు ఒక వరుస దగ్గర ఆగింది. ఆ వరుస చీకటి. ఈవిడకు ఆటలమ్మ రాలేదన్నాడు.

నీ పలకే పాడైపోయిందన్నాను. ఆ పొక్కులకు దూదితో మందు అద్దింది నేనైతే, మధ్యలో గాజుముక్క సాక్ష్యమేమిటని అడిగాను.

పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దదానికి నవ్వు ముక్కులోంచి వచ్చింది. "అమ్మా, మేం గౌన్లు మార్చుకునేవాళ్లం," అంది.

"ఎప్పుడే?"

"నువ్వు అటు తిరిగినప్పుడల్లా," అంది చిన్నది.

చిన్నది పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అంతలా కుదపకే అని తిడుతూ నాకూ నవ్వొచ్చింది. ఆనాడు మంచమెక్కింది చిన్నదేనా? అయితే గండం గట్టెక్కినట్టే. ఆ నవ్వులోనే మళ్లీ అనుమానం వచ్చింది. అసలవి ఆటలమ్మ పొక్కులేనా, చెమటకాయలా? చెమటకాయలైతే ఇద్దరికీ రానట్టే కదా?

చిన్నదాని పలక యంత్రంలోకి వెళ్లింది. వెలిగిందా అని అడిగాను. చుక్కలాయన యంత్రం మీంచి చూపు తిప్పలేదు. పోనీ మిణుకుమందా? యంత్రం తన పని ముగించేదాకా ఆయన నోరు విప్పడని దుకాణమంతటికీ తెలుసు. అయినా ఆగలేక, కనురెప్పయినా ఆడించు బాబూ అని బతిమాలాను. పెద్దది నా భుజంలో ముఖం దూర్చి కిసకిసలాడుతోంది. చిన్నది నవ్వడం మానేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు పెద్దదీ ఊరుకుంది. యంత్రం చప్పుడు ఆగింది. ఆయన తెర దగ్గరికి వంగి, కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ వంగాడు.

"వెలిగిందమ్మా," అన్నాడు. "ఆ వేళ ఆకుపచ్చ గౌను వేసుకున్నది మీ చిన్నమ్మాయే."