ఎవరూ రాని కథ

యేసుప్రసాద్‌కు రాయడం కొత్త కాదు. బేతంచెర్లలో పనికి పోయిన రోజు నాపరాళ్ల పాలిష్ మిషను దగ్గర నిలబడి, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే మనిషి. పదిహేనేళ్లుగా క్రిస్మస్ నాటకం అతని చేతిదే. గొర్రెల కాపరులకు మీసాలు దిద్దడం మొదలు దేవదూత రెక్కలకు అట్టలు కత్తిరించడం దాకా అన్నీ తనే. అలాంటివాణ్ణి అంతరిక్షంలో భయం పుట్టించే కథ రాయమంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు.

రాయమన్నది చెల్లెలు జీవిత. ఇరవై ఏడేళ్ల పిల్ల. కిడ్నీలు రెండూ చెడిపోయి రెండేళ్లయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో కర్నూలు పోయి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. తన కిడ్నీ ఇస్తానని యేసుప్రసాద్ ఎగబడి పోతే, పరీక్షలు చేసి, నీకే షుగరుంది పొమ్మన్నారు. ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆసుపత్రిలో కిడ్నీ కోసం పేరు రాయించి ఎదురుచూస్తున్నారు. ఆ నాలుగు గంటలూ జీవిత చెవిలో ఫోను పెట్టుకుని, అంతరిక్షంలో చిక్కుకుపోయినవాళ్ల కథలు వింటుంది.

వాళ్ల చర్చిలో నెల మొదటి ఆదివారం సాక్ష్యాలు చెప్పే ఆనవాయితీ ఉంది. కష్టం ఎలా వచ్చింది, ఎలా ప్రార్థన చేశారు, ఎలా గట్టెక్కారు, లేచి నిలబడి చెప్పాలి. జీవితకు జబ్బు చేశాక ఆ సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఇంటికే రావడం మొదలుపెట్టారు.

"వచ్చినోళ్లంతా బాగైపోయినోళ్ల మాటలే చెప్తాండారు అన్నా," అంది జీవిత ఒకరోజు. "బాగుగానోళ్లు యాడ పోయినారు? వాళ్ల మాట ఎవురూ చెప్పరే? నాకొక కథ రాసియ్యి. అంతరిక్షంలో పోయే ఓడలో ఒక పిల్ల ఒంటిగా ఉండాల, గాలి అయిపోతాండాల. ఎవురూ రాగూడదు. నువ్వొక్కనివన్నా నాకు అబద్ధం చెప్పొద్దు."

ఆ చివరి మాట యేసుప్రసాద్ గుండెలో దిగబడింది. అది రాయలేకపోతే చెల్లెలి ముందు తనూ ఆ వచ్చిపోయేవాళ్లలో ఒకడైపోతాడు. ఆమె ఇంక తనతో కూడా నిజం మాట్లాడదు.

మొదటిసారి రాసినప్పుడు ఓడలో పిల్ల మోకరించింది. వెంటనే ఇంకో ఓడ వచ్చింది. డయాలసిస్ మంచం పక్కన కూర్చుని దాన్ని చదివి వినిపించాడు.

"అంత దూరం అంత తొందరగా యెట్లొచ్చినారు నా? డోన్ బస్సెక్కినారా?" అని జీవిత పకపకా నవ్వింది. నవ్వులో చెయ్యి కదిలి మిషను కీచుమంది. నర్సు వచ్చి ఇద్దరికీ చీవాట్లు పెట్టింది.

రెండోసారి సీటు కింద గాలి సిలిండరు దొరికింది. "మనింట్లో గ్యాసు బండ అనుకుంటివా?" అంది. మూడోసారి ఆ పిల్ల కిటికీ తెరిచి చెయ్యి ఊపింది. "ఆడ కిటికీ తెరిస్తే అప్పుడే సచ్చిపోతారు నా!" పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సాక్ష్యాలు విన్న బుర్ర యేసుప్రసాద్‌ది. సాయంత్రమైతే ఎద్దు ఇంటిదారి పట్టినట్టు, కథ చివరికొచ్చేసరికి పెన్ను తనంతట తనే ఎవరినో ఒకరిని పిలుచుకొస్తోంది.

మే నెల, సోమవారం. శని, ఆదివారాలు డయాలసిస్ ఉండదు కాబట్టి సోమవారానికి జీవిత కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. తాగిన నీళ్లు ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదు. రోజుకు అర లీటరు మించితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆరోజు సగం దారిలో బస్సు టైరు పంచరై గంటసేపు ఎండలో ఆగిపోయింది.

"నీళ్లు," అంది జీవిత.

"అయిపోయినాయమ్మా నీ నీళ్లు. ఇంగ వద్దు."

"ఒక్క గుటక నా."

నిండు సీసా అతని సంచిలోనే ఉంది. తువ్వాలు తడిపి పెదాలు తుడిచాడు. ఆమె ఆ తువ్వాలును నోటితో పట్టుకుంది. కండక్టరు చూసి మండిపడ్డాడు.

"ఏం మనిషివప్పా! ఆయమ్మ నీళ్లడుగుతాంటే సీసా పెట్టుకోని చూస్తాండావు?"

వెనక సీటు ముసలమ్మ జాలిపడి తన సీసా అందించింది. జీవిత చెయ్యి చాపింది. యేసుప్రసాద్ ఆ ముసలమ్మ చేతిని పక్కకు తోసేశాడు. బస్సంతా అతన్ని తిట్టింది. జీవిత అతన్ని పగవాణ్ణి చూసినట్టు చూసింది.

ఆసుపత్రిలో ఆమెను మిషనుకు తగిలించాక, పక్కనే స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకం తీశాడు. ఈసారి పెన్ను ఆగలేదు. రెండో ఓడ వస్తుందేమోనని దాన్ని నెలల దూరంలో పెట్టాడు. ఇంధనం అయిపోయేలా చేశాడు. భూమ్మీది నుంచి జనం రేడియోలో ధైర్యం చెబుతుంటే ఆ రేడియోనూ ఆపేశాడు. ఉన్న దారులన్నీ ఒక్కొక్కటే వెతికి మరీ మూసేశాడు. చివరికి ఓడ, ఆ పిల్ల, కాసింత గాలి మిగిలాయి. రాసింది ఆమెకు చదివి వినిపించాడు.

జీవిత కదలకుండా విన్నది.

"ఇదే అన్నా నేనడిగింది," అంది. "ఇప్పుడు నిజం రాసినావు."

యేసుప్రసాద్ పుస్తకం మూశాడు. కాసేపటికి ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"అన్నా, ఎవురన్నా వచ్చినట్టు రాయి."

"నువ్వే గదమ్మా వద్దంటివి?"

"తెలీక అంటిని. ఒక్కరు సాలు. కాపాడకున్నా సాలు, ఊరికే తలుపు కొట్టినా సాలు. రాయి నా."

అతను గబగబా పుస్తకం తెరిచి వెనక్కి తిప్పాడు. ఎవరిని పంపాలి? ఎక్కడి నుంచి పంపాలి? ఏ పేజీలో చూసినా దారి మూసింది తన చెయ్యే. మూడు వారాలుగా ఎవరినీ రాకుండా ఆపలేకపోయిన మనిషికి, ఇప్పుడు పంపడానికి ఒక్క మనిషి దొరకలేదు. చెప్పలేనంత భయం వేసింది.

"రాస్తాండావా నా?"

"రాస్తాండాలే," అని పెన్ను కాగితానికి ఆనించాడు.

ఆ మాట నమ్మి జీవిత కళ్లు మూసుకుంది.